రెండెకరాల తొమ్మిది గుంటలు

మొన్న మధ్యాహ్నం మా పక్కింటి కోడలు రెండు కాగితాలు చేతబట్టుకుని గాబరాగా వచ్చింది. గడ్చిరోలి జిల్లా చామోర్షిలో మేముండే వీధి చివర వాళ్ళు ఇల్లు కట్టుకుందామని కొంత జాగా కొన్నారు. దాని విస్తీర్ణం ఒక కాగితంలో రెండు ఆర్లని ఉందట, రెండో కాగితంలో రెండు వందల చదరపు మీటర్లని ఉందట. ఎక్కడో మోసపోయామని ఆ పిల్ల మొహం వాడిపోయి ఉంది. రెండూ ఒకటేనమ్మా, ఆర్ అంటే వంద చదరపు మీటర్లు, అలాంటి ఆర్లు వంద కలిస్తే ఒక హెక్టారు, నీ జాగా ఎక్కడికీ పోలేదు అని చెబితే ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఉద్యోగం నుంచి దిగి నాలుగేళ్ళు దాటినా ఆర్ అన్న మాట చెవిన పడితే చేతిలో పని అక్కడే ఆగిపోతుంది. నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, కొన్ని అలసటలు పడుకుని లేస్తే పోయేవి కావు.

నేను తలాఠిగా పనిచేశాను. గోదావరికి అవతల మన తెలుగు జిల్లాల్లో పూర్వం పట్వారి అనేవారే, ఆ పనే మహారాష్ట్రలో తలాఠిది. ఊళ్ళో ఎవరి భూమి ఎంత, ఎవరి పేరున ఉంది, అందులో ఏం పండింది, ఇవన్నీ రాసిపెట్టడం. ఆ రాత కాగితాన్ని సాత్‌బారా అంటారు. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊళ్ళో మా ముత్తాతల కాలం నుంచి కూడా మాకు జానెడు నేల లేదు. ఊరందరి నేలనూ కాగితం మీద పెట్టే పని ఆ ఇంటి బిడ్డకు దొరికిందని మా వాడలో అప్పట్లో పెద్ద వింతగా చెప్పుకున్నారు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను చదివించింది మా అమ్మ, వరినాట్లు వేసి, కలుపు తీసి, కోతలకు వెళ్ళి.

మా అమ్మకు చదువు రాదు. హెక్టారు సంగతి సరే, ఎకరమన్నా ఆమెకు అంత నమ్మకం ఉండేది కాదు. పొలం ఎంతదని అడిగితే ఆమె మనుషుల లెక్క చెప్పేది. పది మంది ఆడవాళ్ళు పొద్దున దిగి పొద్దు గూకేలోపు నాటేస్తే అది ఎకరం. ఏటి ఒడ్డున పటేలు మడి ఇరవై ఇద్దరిది, దానికి ఎగువన ఉన్నది పదిహేను మందిది, అట్లా. పటేలు అంటే మా ఊళ్ళో తరతరాల వ్యవసాయం ఇంటి పెద్ద, మా అమ్మ ఎక్కువగా పనికి వెళ్ళింది ఆయన పొలాల్లోకే. ఆ ఇరవై ఇద్దరిలో మా అమ్మ ఎప్పుడూ గట్టు వెంబడి చివరి వరుసలో ఉండేది, చివరి వరుస వంకర పోతే మిగతా వరుసలన్నీ వంకర పోతాయని ఆమెను అక్కడ నిలబెట్టేవారు. సెలవు రోజుల్లో నేనూ నారుకట్టలు అందించడానికి వెళ్ళేదాన్ని. మోకాళ్ళ దాకా బురద, నడుము మీద వాన, ఒకామె పాట ఎత్తుకుంటే మిగతా వాళ్ళు అందుకోవడం, ఇవన్నీ మీరూ చూసే ఉంటారు.

పటేలు గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. కోతలైపోయిన మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటాం, అది కూలివాళ్ళ హక్కులాంటిదే, ఎవరూ కాదనరు. ఆ సాయంత్రం మా అమ్మ ఒడినిండా వెన్నులు ఏరింది. పటేలు గట్టు మీద నిలబడి, ఇది రాలింది కాదు, పనల నుంచి గుంజింది అన్నాడు. మా అమ్మ కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు. కొంగు ముడి విప్పి ఒడిలో ఉన్నదంతా ఆయన కాళ్ళ ముందు గుమ్మరించి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ రోజు నేను ఏడ్చాను, ఆమె ఏడ్వలేదు. ఆ తరువాత కూడా పటేలు మడిలోకి నాటుకు వెళ్తూనే ఉంది, వెళ్ళక ఏం చేస్తుంది.

ఇక నా ఉద్యోగం. రెండు వేల సంవత్సరం దాటాక చేతిరాత సాత్‌బారాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలైంది. సొంత ఊరి లెక్క సొంతవాళ్ళకు ఇవ్వరు గానీ, మనుషులు తక్కువై నాకున్న రెండు ఊళ్ళకు తోడు మా ఊరు కూడా కొన్నాళ్ళు చూడమని అప్పగించారు. పాత రిజిస్టరు చూసి మేము చేతితో ఒక పట్టీ నింపి ఇవ్వాలి, ఆ పట్టీ చూసి టైపు చేస్తారు, అచ్చయి వచ్చిన కాగితాన్ని మళ్ళీ మేమే సరిచూసి సంతకం చెయ్యాలి. పట్టీలో మూడు గళ్ళు, హెక్టారు, ఆర్, చదరపు మీటరు. పాత రిజిస్టర్లు మాత్రం నలుగురైదుగురి చేతుల మీదుగా వచ్చినవి. ఒకాయన హెక్టారూ ఆర్ విడివిడిగా రాశాడు, ఒకాయన హెక్టార్లు అన్న మాటే లేకుండా నూట ఇరవై ఆర్లు అని రాశాడు, ఇంకొకాయన అంతా హెక్టార్లలోనే చుక్క పెట్టి రాశాడు. వాటన్నిటినీ ఒక వరసకు తేవాలి. పైగా వచ్చిన ప్రతి రైతూ, అమ్మా నాకు హెక్టారు తెల్వదు, ఎకరాల గుంటల చెప్పు అంటాడు. ఎకరానికి నలభై గుంటలు, గుంట దాదాపు ఒక ఆర్, హెక్టారంటే దాదాపు రెండెకరాల పందొమ్మిది గుంటలు, ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ఎండాకాలం పొద్దంతా ఊళ్ళు తిరగడం, వచ్చి పట్టీలు నింపడం, కళ్ళు మంటలు, మెడ పట్టేయడం. నా తప్పుకు సాకుగా ఇది చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

ఆ తరువాత రెండో వానాకాలం ప్రాణహిత పొంగింది. నాలుగు రోజులు నీళ్ళు నిలబడి, తీసినప్పుడు మడుల మీద మోకాలెత్తు ఒండ్రు మిగిలింది. గట్లు లేవు, హద్దురాళ్ళు కనపడవు, ఊరి చేలన్నీ కలిసి ఒకటే చదునైన మైదానంలా ఉన్నాయి. ఎవరి గట్టు వాళ్ళు తిరిగి పోసుకోవడం మొదలుపెట్టారు. పటేలు మడి పక్కన పొలం ఉన్నాయన కొత్తగా కొనుక్కున్నవాడు, చదువుకున్నవాడు. ఆయన ముందుగా రెండు పొలాల అచ్చు కాగితాలు తెచ్చుకుని, వాటి ప్రకారమే గట్టు పోయించుకున్నాడు. ఆ గట్టు పటేలు మడిలో చాలా లోపలికి, దాదాపు ఏటి వైపు మూల దాకా వచ్చింది.

పటేలు నా దగ్గరికి వచ్చిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మా ఊరి లెక్క నా చేతికి వచ్చాక ఆయన ఎప్పుడూ నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు. ఏదైనా కావలసివస్తే జీతగాణ్ణి పంపేవాడు, లేదా గడప బయట నిలబడి ఫలానా ఆమె బిడ్డ ఉన్నదా అని ఎవరినో అడిగేవాడు. ఆ రోజు మాత్రం తడుముకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నాడు. కళ్ళకు పొరలు కమ్మి చూపు బాగా తగ్గిపోయింది.

“బిడ్డా, జర సదివి చెప్పు. నా కండ్లు ఆనుతలేవు. ఇందుల తొమ్మిది గుంటలే ఉన్నదని వాడంటున్నడు.”

కాగితం చూశాను. హెక్టారు సున్నా, ఆర్ తొమ్మిది. కింద నా సంతకం. పాత రిజిస్టరు అక్కడే అలమరలో ఉంది, తీసి పేజీ తిప్పాను. మరాఠీ అంకెల్లో సున్నా, చుక్క, తొమ్మిది. హెక్టార్లలో చుక్క పెట్టి రాసినాయన చేతిరాత అది. సున్నా పాయింటు తొమ్మిది హెక్టారంటే తొంభై ఆర్లు, రెండెకరాల తొమ్మిది గుంటలు. నేను దాన్ని సున్నా హెక్టారు తొమ్మిది ఆర్లుగా చదివి పట్టీలో అట్లాగే నింపాను, అచ్చయి వచ్చాక అట్లాగే సంతకం పెట్టాను. ఎనభై ఒక్క ఆర్లు, అంటే సరిగ్గా రెండెకరాలు, ఆయన పేరు మీద నుంచి పోయాయి, ఇంకెవరి పేరు మీదికీ పోలేదు. ఊళ్ళో ఉండి కాగితంలో లేని నేల. దాన్ని చూసే పక్కపొలం ఆయన, ఏటి ఒడ్డున ఎవరిదీ కాని నేల దున్నుకున్నవాడిదే అన్నాడు.

ఆ క్షణంలోనే తప్పు నాదని చెప్పవలసింది. చూసి చెప్తా పటేలా, రెండు రోజులు ఆగు అన్నాను. ఆయన కాగితం మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, వచ్చినట్టే తడుముకుంటూ వెళ్ళాడు.

ఆ రెండు రోజులూ నేను పడ్డ యాతన ఇన్నేళ్ళ తరువాత కూడా రాయడం కష్టం. నాతో పనిచేసే ఒక పెద్దాయన, నా మేలు కోరే మనిషే, ఎందుకు పరేషాన్ అవుతావు, టైపు చేసినవాడి మీద పెట్టేయి, వాడు ఎప్పుడో కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయాడు అన్నాడు. పట్టీలు నా దగ్గరే ఉన్నాయి, ఒక కాగితం చింపేస్తే అడిగేవాళ్ళు లేరు. ఇంకోవైపు ఊళ్ళో మాట పాకిపోయింది. కూలోళ్ళ బిడ్డకు కలం దొరికింది, పాత కసి తీర్చుకుంది అని. ఆ మాట నన్ను పొడిచింది అబద్ధమని కాదు. అబద్ధమని నేను గట్టిగా అనలేకపోయానని. ఆ ఎండాకాలం వందల పేర్లు రాశాను, ఈ ఒక్క పేరు రాసిన క్షణం ఎంత తవ్వినా నాకు గుర్తు రాలేదు. పటేలు పేరు చూసి కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోకుండా పక్కకు ఎందుకు నెట్టాను? వేరే వాళ్ళదైతే సరిచూసేదాన్నా? కొంగు విప్పి వెన్నులు గుమ్మరించిన మా అమ్మ ఆ గళ్ళ మధ్య ఎక్కడైనా నా చేతిని పట్టుకుందా? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

రెండో రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఊళ్ళో మాట ఆమె దాకా వచ్చిందని చేట ఆపిన తీరులోనే తెలిసిపోయింది.

“కావాల్ననే రాసినవా బిడ్డా?” అని అడిగింది.

ఊరంతా అన్నా నాకు అంత నొప్పి లేదు. లేదమ్మా అన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసి, మళ్ళీ చేట అందుకుంది. అన్నం తినేటప్పుడు, అట్లయితే నీ తప్పని నువ్వే చెప్పు, ఇంకోడు చెప్పే దాంక ఆగకు అంది, అంతే.

మర్నాడు ఉదయం తప్పు నాదేనని రాసి, పట్టీని కూడా జతచేసి పైకి పంపాను. దాని వెంట నోటీసు వచ్చింది, సంజాయిషీ అడిగారు, జిల్లా కేంద్రం గడ్చిరోలికి రమ్మన్నారు. సిరోంచ నుంచి గడ్చిరోలి ప్రయాణం తెలిసినవాళ్ళకు తెలుసు, తెల్లవారి బస్సెక్కితే అడవుల మధ్య గుంతల్లో ఊగుతూ ఊగుతూ మధ్యాహ్నం ఎప్పటికో చేరతాం, దిగేసరికి ఎముకలన్నీ వదులైనట్టుంటాయి. అట్లా నాలుగైదుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, తొంభైకీ తొమ్మిదికీ తేడా తెలియదా అని. తెలుసు సార్. తెలిసీ ఎట్లా రాశారు.

తప్పు ఒప్పుకుంటే చాలు, కాగితం సరిదిద్దేస్తారనుకున్నాను. అట్లా కాలేదు. పక్కపొలం ఆయన అభ్యంతరం పెట్టాడు. పాత రిజిస్టరులో చుక్క వెలిసిపోయింది, అది చుక్కో మరకో ఎవరు చెప్పాలి, రాసినాయన లేడు, నేల కొలిచి తేల్చండి అన్నాడు. న్యాయంగా చూస్తే ఆయన మాటలోనూ తప్పులేదు. కొలవమని ఉత్తర్వు వచ్చింది. కానీ కొలవాలంటే ఎక్కడో ఒకచోట నుంచి మొదలుపెట్టాలి కదా, హద్దురాళ్ళన్నీ ఒండ్రు కింద ఉన్నాయి. పటేలుకు చూపు లేదు. ఆయన కొడుకులు పట్నాల్లో చదివి అక్కడే స్థిరపడినవాళ్ళు, గట్టు ఎక్కి చూసిందే తప్ప మడిలో దిగినవాళ్ళు కారు. హద్దు తెలిసిన ముసలివాళ్ళెవరైనా ఉంటే పంచనామాకు రావాలని ఊళ్ళో చాటింపు వేయించారు. ఎవరూ ముందుకు రాలేదు. ఒకరికి పక్కపొలం ఆయనతో చుట్టరికం, ఇంకొకరికి ఆ తగాదాలో వేలు పెట్టడం ఇష్టం లేదు.

కొలిచే రోజు పొద్దున మా అమ్మ ముతక చీర కట్టుకుని, కర్ర పట్టుకుని బయలుదేరింది. అప్పటికి ఆమెకు అరవై ఐదు దాటాయి, నడుము పూర్తిగా వంగిపోయి, నిలబడినా నాటు వేస్తున్నట్టే ఉండేది. నువ్వెందుకమ్మా, ఇంకా మాటలు పడతాం అన్నాను. ఆమె వినలేదు. నోటీసు నా పేరున ఉంది కనుక నన్ను పొలంలోకి రావద్దన్నారు. బాట మీద మోదుగు చెట్ల దగ్గర నిలబడి చూశాను.

కొలిచే అధికారి దూరం నుంచి వచ్చినాయన, మరాఠీలో అడిగాడు. మా అమ్మకు మరాఠీ అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులోనే ఇచ్చింది, పక్కనున్నవాళ్ళు ఆయనకు మరాఠీలో చెప్పారు, నాకూ తరువాత వాళ్ళే చెప్పారు. భూమి నీదా? కాదు. నీకు చదువొచ్చా? రాదు. మరి ఈ మడి ఎంతదో నీకెట్లా తెలుసు?

“నా నడుముకు ఎర్క సారు,” అంది మా అమ్మ. “ఇర్వై ఇద్దరం నాటేసిన మడి ఇది. తొమ్మిది గుంటలైతే ఇద్దరమే వోయి పొద్దు గూకే యాల్లకు ఇంటికొస్తుంటిమి.”

ఒకరిద్దరు నవ్వారు. పక్కపొలం ఆయన, కూలీల లెక్కతో భూములు కొలుస్తారా అని గట్టిగానే అన్నాడు. అధికారి మాత్రం నవ్వలేదు. రాళ్ళు ఎక్కడున్నాయో చూపగలవా అన్నాడు. ఏటికి దిగే బాటలో వరద కూడా కదపలేని పెద్ద బండ ఒకటుంది. మా అమ్మ ఆ బండ దగ్గరికి వెళ్ళి, దానికి వీపు ఆనించి, ఎదురుగా కాసేపు చూసి, చెప్పులు విప్పి నడవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెడుతోందో, వరుసలో నిలబడేవాళ్ళ పేర్లు తలుచుకుంటోందో నాకు తెలియలేదు. ఒకచోట ఆగి కర్రతో పొడిచి, ఇక్కడ తవ్వండి, మేం సద్ది మూటలు పెట్టుకునే హద్దురాయి ఇక్కడ ఉండాలె అంది.

తవ్వారు. నడుమెత్తు గుంత పడింది, రాయి లేదు. ఆమె రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ చూపించింది. అక్కడా లేదు. తప్పు రాసింది నేను, నవ్వులపాలయ్యేది ఆమె. పక్కపొలం ఆయన అధికారి వైపు తిరిగి ఏదో అంటున్నాడు. మా అమ్మ ఎవరి మాటా పట్టించుకోకుండా బండ వైపు ఒకసారి, ఏటి వైపు ఒకసారి చూసింది. అప్పుడు చేసిన పని నేను మరిచిపోలేను. నాటు వేసేటప్పుడు నడిచినట్టు వెనక్కి, వంగి, కుడిచెయ్యి కిందికి జార్చి, వెనక్కి వెనక్కి నడిచింది. ముందుకు నడిస్తే గుర్తు రానిది అట్లా నడిస్తే గుర్తొచ్చింది కాబోలు. ఆగినచోట మడమతో నేలను తొక్కింది. మూడో గుంతలో గడ్డపారకు రాయి తగిలిన చప్పుడు బాట మీద ఉన్న నాకు కూడా వినిపించింది.

ఒక రాయి దొరికాక రెండోదానికి అంత కష్టం కాలేదు. రెండు రాళ్ళ నుంచి కొలతలు పట్టారు, ఎండ తిరిగేదాకా పట్టారు. తొంభై ఆర్లకు పది పన్నెండు చదరపు మీటర్లు తక్కువ తేలింది. పంచనామా కాగితం మీద మా అమ్మ వేలిముద్ర వేసింది. సంతకాలు పెట్టినవాళ్ళందరి కింద చివరన.

ఇంటికి వచ్చేటప్పుడు ఇద్దరమే. నాకు ఆగలేదు. ఆ పరిగె సంగతి మరిచిపోయావా అమ్మా, నా కోసం వచ్చావా, ఆయన కోసం వచ్చావా అని అడిగాను.

“ఎట్ల మర్చిపోత? యాదికున్నది,” అంది. “ఆయన సంగతి వేరే. ఇర్వై ఇద్దరం ఎన్నేండ్లు వంగినమో ఆ మడిల. ఇగ అందుల సగం మంది లేరు. అది తొమ్మిది గుంటలని కాయితంల ఉంటే మా కష్టం గూడ తొమ్మిది గుంటలేనాయె కద బిడ్డా.”

నేను అన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వేల విస్తీర్ణాలు రాశానో, హెక్టార్లను ఆర్లుగా, ఆర్లను చదరపు మీటర్లుగా ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. ఏ ఒక్కదాంట్లోనూ ఆ ఆలోచన నాకు రాలేదు.

కాగితం సరిదిద్దిన ఉత్తర్వు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. గట్టు వెనక్కి వెళ్ళింది, పక్కపొలం ఆయన ఆ తరువాత పెద్దగా గొడవ చెయ్యలేదు. నా సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ పడింది, నాతో చేరినవాళ్ళకు పైమెట్టు దొరికిన చాలా ఏళ్ళకు గానీ నాకు దొరకలేదు. దానికి నేను ఎవరినీ అనను. కొత్త సాత్‌బారా తీసుకుని పటేలు ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన దాన్ని చేత్తో తడిమి, మూడుసార్లు చదివించుకున్నాడు. ఆయన చేతులెత్తి దండం పెట్టాడనో, పాతదానికి క్షమించమన్నాడనో రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అట్లాంటిదేమీ జరగలేదు. నేను గడప దాటుతుంటే మాత్రం, మీ అమ్మ మంచిగున్నదా అని అడిగాడు. మంచిగనే ఉన్నది పటేలా అన్నాను. ఆయన మా అమ్మ బాగోగులు అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

అది జరిగి చాలా కాలమైంది. మా అమ్మ లేదు, పటేలు లేడు, ఆ ఇరవై ఇద్దరిలో ఇప్పుడు ఒక్కరన్నా ఉన్నారో లేదో. పోయిన వానాకాలం ఒక పెళ్ళికని సిరోంచ వెళ్ళి, ఉండబట్టలేక మా ఊరి దాకా వెళ్ళాను. పటేలు మడిలో నాట్లు పడుతున్నాయి. ఎక్కడి నుంచో బండిలో వచ్చిన ఆడవాళ్ళు, గుత్తకు పట్టినవాళ్ళు. దిగడానికి ముందు వాళ్ళలో ఒక పిల్ల ఫోను పట్టుకుని గట్టు వెంబడి చుట్టూ నడిచింది, నడిచి వచ్చేసరికి ఆ ఫోనే హెక్టార్లు, ఆర్లు, చదరపు మీటర్లు, ఎకరాలు అన్నీ చెప్పేసింది. దాని ప్రకారమే బేరం. అది మంచిదే, చాలా మంచిదే. ఎంత నేలకు వంగుతున్నామో వంగడానికి ముందే వాళ్ళకు తెలుస్తోంది, ఎవరూ తక్కువ చేసి చెప్పలేరు. నేను రాసిన తప్పు ఈ రోజుల్లో ఒక్క పూట కూడా నిలబడేది కాదు.

కాసేపు గట్టు మీద కూర్చుని చూశాను. పాట లేదు, ఒకరితో ఒకరికి మాట కూడా తక్కువే, దీని తరువాత ఇంకో పొలం ఉందని తొందర. నేను కూర్చున్న వైపుకు వచ్చిన ఒకామె నడుము మీద చెయ్యి ఆనించి లేచి నిలబడి, నా వైపు చూసి, ఇదేం ఊరమ్మా అని అడిగింది. చెప్పాను. అట్లనా అని, మళ్ళీ వంగింది.